సముద్రపు నీటిలో ట్రేస్ లోహాలు కొలవడం: సీసా కడగడం నుంచి రిపోర్టు రాయడం దాకా

నడిసముద్రంలో ఒక కిలో నీళ్లు తీసుకుంటే అందులో సుమారు 35 గ్రాముల ఉప్పులుంటాయి. అదే నీటిలో కరిగిన ఇనుము ఒక నానోమోల్ (మోల్‌లో వంద కోట్లో వంతు) అనుకుందాం. అంటే 56 నానోగ్రాములు. ఇనుము కంటే ఉప్పు 60 కోట్ల రెట్లకు పైగా ఎక్కువన్నమాట. ఇంత తక్కువగా ఉండేవే ట్రేస్ లోహాలు. సీసం ఇంకా తక్కువ. చాలాచోట్ల కిలోకి 10 నుంచి 100 పికోమోల్స్ (పికో అంటే నానోలో వెయ్యోవంతు) మధ్యలో ఉంటుంది. ఈ పనిలో తలనొప్పులు రెండు. ఒకటి, అంత ఉప్పు మిషన్‌లోకి వెళ్తే మిషన్ మూలుగుతుంది. రెండోది ఇంకా పెద్దది. మన చెయ్యి, గాలి, సీసా, పడవ, యాసిడ్ అన్నీ మనం కొలవాలనుకున్న లోహాన్నే శాంపిల్‌లో కలుపుతుంటాయి.

తాగునీరు పరీక్షించే ల్యాబ్‌కి సముద్రపు నీళ్లిచ్చి, ‘లెడ్: బీడీఎల్’ (కొలవగల కనీస స్థాయి కంటే తక్కువ) అన్న రిపోర్టు తెచ్చుకుని థీసిస్‌లో పెట్టేసేవాళ్లు ఉన్నారు. అందులో ఆ ల్యాబ్ తప్పేం లేదు. తాగునీటిలో సీసానికి భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాము, వాళ్ల పద్ధతి దానికి తగ్గట్టుగా ఉంటుంది. నడిసముద్రంలో సీసం అందులో సుమారు వెయ్యోవంతు.

1970ల మధ్య వరకు అచ్చయిన సముద్ర లోహాల అంకెల్లో చాలావాటిని తర్వాత పక్కన పడేయాల్సి వచ్చింది. భూమి వయసు 455 కోట్ల ఏళ్లని 1956లో తేల్చిన క్లేర్ ప్యాటర్సన్, రాళ్లలో సీసం కొలిచేటప్పుడే గదిలోని దుమ్ము ఎంత సీసం కలుపుతుందో పట్టుకున్నాడు. తర్వాత అదే జాగ్రత్తతో సముద్రపు నీళ్లు కొలిస్తే పాత విలువలు పది నుంచి వెయ్యి రెట్లు ఎక్కువని బయటపడింది. అంకెలు దిగివచ్చింది ప్రధానంగా శుభ్రత వల్ల. అందుకే ఈ వ్యాసంలో మిషన్‌కి తక్కువ చోటు, సీసాలకీ పడవకీ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

మనసులో ఒక నిజమైన సందర్భం పెట్టుకుని రాస్తున్నాను. విశాఖలోనో కాకినాడలోనో ఒక రీసెర్చ్ విద్యార్థి చిన్న ఫైబర్ పడవ మీద తీరానికి కొన్ని కిలోమీటర్ల దూరం వెళ్లి, నీటిలో కరిగి ఉన్న రాగి, నికెల్, కాడ్మియం, సీసం, జింక్ కొలవాలి. యూనివర్సిటీలో ఒక ఐసీపీ-ఎంఎస్ (శాంపిల్‌ను ప్లాస్మాలో అయాన్లుగా మార్చి, ద్రవ్యరాశిని బట్టి లోహాలను లెక్కించే మిషన్) ఉంది, కానీ దాని దగ్గర క్యూ ఉంది.

ముందు ఏ లోహమో తేల్చుకోండి

అన్ని లోహాలూ ఒకేలా ఏడిపించవు. నడిసముద్రంలో నికెల్ కిలోకి 2 నుంచి 12 నానోమోల్స్, రాగి 0.5 నుంచి 5, కాడ్మియం పైనీటిలో దాదాపు ఏమీ లేని స్థాయి నుంచి లోతుల్లో 1 దాకా, జింక్ 0.1 కంటే తక్కువ నుంచి 9 దాకా ఉంటాయి. తీరం దగ్గర, అందులోనూ హార్బర్ దగ్గర, ఇవి పెరుగుతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నికెల్, కాడ్మియం, రాగితో చెయ్యి తిప్పుకోవడం మంచిది. ఇవి దుమ్ములోంచీ చేతుల్లోంచీ అంత తేలిగ్గా రావు. జింక్, ఇనుము, సీసం అలా కాదు. జింక్ మరీ దారుణం: రబ్బరులో ఉంటుంది, పౌడర్‌లో ఉంటుంది, సన్‌స్క్రీన్‌లో ఉంటుంది, గాల్వనైజ్డ్ రేకుల్లో ఉంటుంది. మీ జింక్ బ్లాంక్ (శాంపిల్‌ది కాకుండా బయటి నుంచి చేరే జింక్) అదుపులోకి వచ్చిందంటే మిగతావి దాదాపు వచ్చేసినట్టే.

సీసాలు: నెల రోజుల పని

గాజు వద్దు. తక్కువ సాంద్రత పాలిథిలీన్, అంటే ఎల్‌డీపీఈ సీసాలు తీసుకోండి. డబ్బుంటే ఎఫ్‌ఈపీ టెఫ్లాన్. మూత కూడా రంగు లేనిదే ఉండాలి, లోపల రబ్బరు వాషర్ గానీ రేకు గానీ ఉండకూడదు. ప్లాస్టిక్ రంగుల్లో లోహాలుంటాయి.

కొత్త సీసా చూడ్డానికి ఎంత తళతళలాడినా లోపలి గోడల్లో అచ్చు యంత్రం తాలూకు లోహం ఉంటుంది. ముందు క్షారగుణం ఉన్న ల్యాబ్ డిటర్జెంట్‌లో వారం నానబెట్టండి. నురగ పూర్తిగా పోయేదాకా డీఐ (అయాన్లు తీసేసిన) నీళ్లతో, ఆ తర్వాత 18.2 మెగోమ్ అల్ట్రాప్యూర్ నీళ్లతో కడగండి. తర్వాత 6 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో నెల రోజులు ముంచి ఉంచండి. దీనికి మామూలు రీయేజెంట్ గ్రేడ్ చాలు. మూతలు కూడా మునగాలి, మూత దారాల్లో గాలిబుడగ చిక్కుకుంటే అక్కడికి యాసిడ్ చేరదు. ఆ తర్వాత మళ్లీ అల్ట్రాప్యూర్ నీళ్లతో ఐదారుసార్లు కడిగి, ట్రేస్ మెటల్ గ్రేడ్ యాసిడ్ పలచగా కలిపిన నీళ్లతో నింపి, రెండు జిప్ కవర్లలో పెట్టి, పడవ ఎక్కే రోజు దాకా అలాగే ఉంచండి. తొందరగా కావాలంటే యాసిడ్‌ను 60 డిగ్రీల దగ్గర ఉంచితే నెల పని కొద్ది రోజుల్లో అవుతుంది. కానీ వేడెక్కిన హైడ్రోక్లోరిక్ ఆవిర్లు చిన్న విషయం కాదు, మంచి ఫ్యూమ్ హుడ్, గాగుల్స్, మందపాటి గ్లౌజులు లేకుండా ఆ దారి పట్టొద్దు.

అవసరమైనన్ని సీసాల కంటే పావు వంతు ఎక్కువ కడిగి పెట్టుకోండి. వాటిలో కొన్నింటిని నీళ్లు, యాసిడ్ పోసి నెల తర్వాత కొలిస్తే సీసా బ్లాంక్ ఎంతో తెలుస్తుంది. ఆ అంకె లేకుండా పడవ మాట్లాడుకోవడం డబ్బు దండగ.

యాసిడ్ లెక్క ఒకసారి వేసి చూడండి

శాంపిల్ లీటరుకు 2 మి.లీ. గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేస్తాం. దాని బరువు సుమారు 2.4 గ్రాములు. మీ దగ్గరున్న ఏఆర్ (మామూలు ల్యాబ్) గ్రేడ్ సీసా లేబుల్ మీద ఇనుము గరిష్ఠంగా 0.2 పీపీఎం అని ఉందనుకోండి. గ్రాముకు 200 నానోగ్రాములు. అంటే ఆ 2.4 గ్రాములతో పాటు 480 నానోగ్రాముల ఇనుము, సుమారు 8.6 నానోమోల్స్, శాంపిల్‌లో పడొచ్చు. పైనీటిలో అసలు ఇనుము 0.2 నానోమోల్ ఉంటే మీరు కొలిచేది సముద్రాన్ని కాదు, యాసిడ్ కంపెనీని. అదే ఇనుము 1 పీపీబీ లోపు ఉన్న గ్రేడ్ వాడితే చేరేది 0.04 నానోమోల్. ఇది భరించగలం, అయినా బ్లాంక్‌లో తీసివేయాల్సిందే.

అల్ట్రాప్యూర్ యాసిడ్ ధర చూసి గుండె జారితే, క్వార్ట్జ్ లేదా టెఫ్లాన్ స్టిల్ ఒకటి కొని, మరిగే స్థాయికి తక్కువ వేడిలో యాసిడ్‌ను ల్యాబ్‌లోనే శుద్ధి చేసుకోవచ్చు. రెండేళ్ల ప్రాజెక్టుకైతే అదే లాభం. కొత్త సీసా తెరిచిన ప్రతిసారీ లాట్ నంబరు నోటు పుస్తకంలో రాసుకోండి. రేపు ఒక్కసారిగా బ్లాంక్ పెరిగితే మొదట వెతకాల్సింది అక్కడే.

పడవ మీద

పడవ అంటేనే తేలే లోహం. ఇనుము తుప్పు, మోటారు పొగ, అడుగున తుప్పు పట్టకుండా బిగించే జింక్ దిమ్మలు, నాచు పట్టకుండా వేసే రాగి పెయింట్. వీటన్నింటికీ దూరంగా నీళ్లు తీయాలి. విశాఖలో ఫిషింగ్ హార్బర్ నుంచి బయల్దేరితే ఆ ప్రాంతం దాటేదాకా సీసాల పెట్టె తెరవొద్దు. ఒకవేళ హార్బర్ నీళ్లే మీ విషయమైతే శుభ్రమైన స్టేషన్ ముందు, మురికి స్టేషన్ చివర్లో పెట్టుకోండి.

స్టేషన్ చేరాక మోటారు ఆపించి, పడవ ముక్కు గాలికి ఎదురుగా తిరిగేలా చూడండి. శాంపిల్ ముక్కు వైపు నుంచే తీయాలి. అప్పుడు పొగ, పడవను ఒరుసుకున్న నీళ్లు వెనక్కి పోతాయి. పైనీటికి పొడవాటి ప్లాస్టిక్ కర్ర చివర నైలాన్ తాడుతో సీసా కట్టి, పడవకు వీలైనంత దూరంగా ముంచండి. పైపొరలో నూనె తెట్టు ఉంటుంది కాబట్టి నోరు కిందికి ఉంచి దించి, అర మీటరు లోతున తిప్పండి. సీసాలో ఉన్న పలచని యాసిడ్‌ను ముందే డబ్బాలో ఒంపేసి, అదే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపండి.

ఇద్దరు మనుషులు తప్పనిసరి. ఒకరు ‘శుభ్రమైన చేతులు’, మరొకరు ‘మురికి చేతులు’. మురికి చేతుల మనిషి పెట్టె తెరుస్తాడు, బయటి కవరు విప్పుతాడు, కర్ర పట్టుకుంటాడు. లోపలి కవరు, సీసా, మూత, వీటిని శుభ్రమైన చేతుల మనిషి తప్ప ఇంకెవరూ ముట్టకూడదు. మూతను పడవ చెక్క మీద పెట్టారంటే ఆ శాంపిల్ పోయినట్టే. గ్లౌజులు పౌడర్ లేనివి, పాలిథిలీన్‌వైతే మేలు. కొన్ని నైట్రైల్ గ్లౌజుల్లో జింక్ వస్తుంది, కొన్న డబ్బా నుంచి ఒకటి తీసి పలచని యాసిడ్‌లో ముంచి పరీక్షించుకోండి.

ఆ రోజు ఒంటి మీద ఏముందో కూడా చూసుకోవాలి. ఉంగరాలు, గాజులు, వాచీ ఇంటి దగ్గరే. ముఖానికి పౌడర్, సన్‌స్క్రీన్, కాలమైన్ లోషన్ వద్దు, మూడింటిలోనూ జింక్ ఆక్సైడ్ ఉండొచ్చు. ఎండకు పొడుగు చేతుల చొక్కా, టోపీ సరిపెట్టుకోవాలి. కొన్ని రకాల సింధూరంలో సీసం ఉంటుంది, నీళ్లు తీసే పూట బొట్టు స్టిక్కర్‌దే నయం. పొగాకులో కాడ్మియం ఉంటుంది కాబట్టి సరంగుతో బయల్దేరేముందే మాట్లాడుకోండి. “అన్నా, నీళ్లు తీసే పావుగంటా బీడీ వద్దు” అంటే ఎవరూ కాదనరు. సీసా తెరిచాక చెబితే మాత్రం ఆలస్యమే.

లోతు నీళ్లు కావాలంటే స్ప్రింగులు బయట ఉండే నిస్కిన్-ఎక్స్ లేదా టెఫ్లాన్ పూసిన గో-ఫ్లో సీసాలను (కావలసిన లోతున మూసుకుని అక్కడి నీళ్లు పట్టేవి) కెవ్లార్ తాడు మీద దించాలి. స్టీలు తీగ పనికిరాదు. మామూలు నిస్కిన్‌లో లోపల సాగే నల్ల రబ్బరు ట్యూబు ఒక్కటి చాలు, జింక్ అంకెను చెడగొట్టడానికి. దాన్ని తీసేసి, ఓ-రింగులు సిలికోన్‌వి వేయించండి.

ప్రతి ట్రిప్‌లో ఒక సీసా అల్ట్రాప్యూర్ నీళ్లు తీసుకెళ్లి, పడవ మీదే తెరిచి, శాంపిల్‌కి చేసినవన్నీ దానికీ చేయండి. ఇది ఫీల్డ్ బ్లాంక్. అలాగే ప్రతి స్టేషన్‌లో ఉష్ణోగ్రత, లవణీయత కొలిచి రాసుకోండి. ఎందుకో చివర్లో చెబుతాను.

వడకట్టడం, యాసిడ్ వేయడం

క్రమం తప్పకూడదు: ముందు వడపోత, తర్వాత యాసిడ్. తిరగేస్తే బురద రేణువుల్లోని లోహం కరిగి నీటిలోకి వచ్చేస్తుంది, ఇక మీరు కొలిచేది కరిగిన లోహం కాదు. వర్షాకాలంలో గోదావరి బురద కలిసిన నీళ్లలో ఈ తేడా చిన్నదేం కాదు. తీసిన కొద్ది గంటల్లోనే 0.2 మైక్రాన్ పాలీఈథర్‌సల్ఫోన్ క్యాప్సూల్ గుండా వడకట్టండి. పాత పరిశోధనల్లో 0.45 మైక్రాన్ వాడారు. వాటితో పోల్చాలనుకుంటే అదే వాడండి, కానీ ఏది వాడారో రిపోర్టులో రాయాలి. కొత్త ఫిల్టర్‌ను పలచని యాసిడ్‌తో, నీళ్లతో కడిగి, శాంపిల్ మొదటి అర లీటరు పారబోశాకే పట్టుకోండి.

లీటరుకు 2 మి.లీ. అల్ట్రాప్యూర్ హైడ్రోక్లోరిక్ వేస్తే పీహెచ్ 1.7 దగ్గరకు వస్తుంది. పీహెచ్ మీటర్ ఎలక్ట్రోడ్‌ను శాంపిల్ సీసాలో ముంచొద్దు, కొంచెం వేరే ట్యూబులోకి ఒంపి చూడండి. ఆ తర్వాత కనీసం ఒక రోజు, వీలైతే నెల ఆగండి. సీసా గోడకు అంటుకున్న లోహం, సేంద్రియ పదార్థాల పట్టులో ఉన్న లోహం విడిపోవడానికి టైమ్ పడుతుంది. యాసిడ్ వేసిన శాంపిల్ గది ఉష్ణోగ్రతలో ఏళ్ల తరబడి నిలుస్తుంది కాబట్టి తొందరపడాల్సిన పని లేదు.

ఉప్పు వదిలించడం

ఐసీపీ-ఎంఎస్‌కి 0.2 శాతం కంటే ఎక్కువ కరిగిన ఉప్పులు నచ్చవు, సముద్రపు నీళ్లలో 3.5 శాతం ఉంటాయి. ఇరవై రెట్లు పలచన చేస్తే మిషన్ ముందుండే సన్న రంధ్రాల కోన్లు బతుకుతాయి, కానీ లోహం బ్లాంక్‌లో కలిసిపోతుంది. కాబట్టి ఉప్పును పోనిచ్చి లోహాన్ని పట్టుకునే రెసిన్ కావాలి. నోబియాస్ కీలేట్-పీఏ1, టోయోపెర్ల్ ఏఎఫ్-కీలేట్-650ఎం ఎక్కువగా వాడతారు. ఈ పనంతా సన్న దుమ్మును పట్టే హెపా ఫిల్టర్ గుండా శుభ్రమైన గాలి వీచే లామినార్ ఫ్లో బెంచి కింద జరగాలి. పూర్తి క్లీన్ రూమ్ లేకపోయినా, గది మూలన ప్లాస్టిక్ షీట్లతో గుడారం కట్టి, హెపా గాలిని లోపలికి తోస్తే చాలా పని నడుస్తుంది. ఏసీ గాలి నేరుగా బెంచి మీద పడకూడదు.

100 గ్రాముల శాంపిల్ తూచండి. రాగి, కోబాల్ట్ కావాలంటే ముందు యూవీ దీపం కింద కొన్ని గంటలు ఉంచాలి. సముద్రంలో రాగి దాదాపు అంతా సేంద్రియ అణువులకు గట్టిగా అతుక్కుని ఉంటుంది, ఆ పట్టు విడవకపోతే రెసిన్‌కు చిక్కదు. యాసిడ్ వేసి నెలలు ఉంచినా ఈ రెండింటికీ అది చాలదు.

రెసిన్ నింపిన గొట్టాన్ని, అంటే కాలమ్‌ను, 1 మోలార్ నైట్రిక్ యాసిడ్‌తో, నీళ్లతో కడిగి, పీహెచ్ 6 దగ్గర 0.05 మోలార్ అమ్మోనియం ఎసిటేట్‌తో సిద్ధం చేయండి. ఇప్పుడు శాంపిల్‌ను శుద్ధి చేసిన అమ్మోనియా, ఎసిటేట్ బఫర్‌తో పీహెచ్ 6.2 దగ్గరకు తెచ్చి వెంటనే ఎక్కించండి. పీహెచ్ పెంచి భోజనానికి వెళ్లొస్తే ఇనుము గోడలకు అంటుకుంటుంది. నిమిషానికి ఒకటి రెండు మి.లీ. వేగం చాలు. శాంపిల్ అయ్యాక అదే బఫర్ 30, 40 మి.లీ. పోనిస్తే సోడియం, మెగ్నీషియం, కాల్షియం చాలావరకు కొట్టుకుపోతాయి. చివరికి 5 మి.లీ. 1 మోలార్ నైట్రిక్ యాసిడ్‌తో లోహాలను దించుకోండి. 100 గ్రాముల్లో ఉన్నది 5 గ్రాముల్లోకి వచ్చింది కాబట్టి ఇరవై రెట్లు చిక్కబడింది, ఉప్పు పోయింది.

ఇదంతా తనంతట తానే చేసే సీఫాస్ట్ లాంటి యంత్రాలున్నాయి. శాంపిళ్లు వందల్లో ఉంటే తప్ప మీ గైడ్‌ని ఆ ఖర్చుకు ఒప్పించడం కష్టం. ఏపీడీసీ అనే రసాయనంతో లోహాన్ని పట్టి, ఎంఐబీకే అనే ద్రావణిలోకి లాగి, గ్రాఫైట్ ఫర్నేస్ ఏఏఎస్‌లో (లోహ పరమాణువులు ఎంత కాంతి పీల్చాయో చూసే మిషన్) కొలిచే పాత పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది. వాసన భరించాలి, చేతి నైపుణ్యం కావాలి, అంతే.

మిషన్ దగ్గర

ఐసీపీ-ఎంఎస్‌లో ద్రవ్యరాశి ఒకటే అయిన వేరే అణువులు మోసం చేస్తాయి. ఇనుము-56 చోట ఆర్గాన్-ఆక్సిజన్ జంట, రాగి-63 చోట ఆర్గాన్-సోడియం జంట కూర్చుంటాయి. ఈ నకిలీలను వాయువుతో తగ్గించే హీలియం కొలిజన్ సెల్ రాగి, నికెల్‌కు బాగా పనికొస్తుంది. ఇనుముకు హైడ్రోజన్ సెల్ గానీ హై రిజల్యూషన్ మిషన్ గానీ మేలు. కాడ్మియం-111ను మాత్రం ప్రత్యేకంగా కనిపెట్టుకోండి. సముద్రపు నీళ్లలో మాలిబ్డినం 100 నానోమోల్స్‌కు పైనే ఉంటుంది, అందులో కొంత రెసిన్‌కు చిక్కి, మాలిబ్డినం-95 ఆక్సైడ్‌గా సరిగ్గా 111 దగ్గర కనబడుతుంది. మాలిబ్డినం మాత్రమే ఉన్న ద్రావణం పెట్టి, 111 దగ్గర ఎంత వస్తోందో చూసి తీసేయాలి.

మిషన్ క్యూ తెగకపోతే వోల్టామెట్రీ (వోల్టేజి మారుస్తూ కరెంటు కొలిచే పద్ధతి) ఉంది, శాంపిల్‌లో ఉప్పు ఉండటం దానికి లాభమే. యూవీ అయ్యాక పీహెచ్ 4.6 ఎసిటేట్‌లో, నైట్రోజన్ పోనిచ్చి, పాదరసం చుక్క మీద -1.2 వోల్టుల దగ్గర లోహాలను పేర్చి, ఆపై వోల్టేజి పెంచుతూ పోతే జింక్ -1.0, కాడ్మియం -0.6, సీసం -0.4, రాగి -0.1 వోల్టు దరిదాపుల్లో ఒక్కోటీ శిఖరంలా లేస్తాయి. రాగి ఎక్కువగా ఉంటే పాదరసంలో జింక్‌తో జతకట్టి జింక్ శిఖరాన్ని తగ్గిస్తుంది. కొంచెం గాలియం వేస్తే రాగి దాంతో పోతుంది. నికెల్, కోబాల్ట్‌కు డైమిథైల్‌గ్లయాక్సిమ్‌తో వేరే పద్ధతి. వాడిన పాదరసాన్ని నీళ్ల కింద, మూత ఉన్న సీసాలో దాచి నిబంధనల ప్రకారం అప్పగించాలి, సింకులోకి వద్దు.

లెక్క

ఒక రాగి ఉదాహరణ. 5 గ్రాముల ద్రావణంలో గ్రాముకు 3.2 నానోగ్రాములు వచ్చింది, మొత్తం 16. శాంపిల్ లేకుండా మిగతా అన్నీ చేసిన బ్లాంక్‌లో 0.5. మిగిలింది 15.5. తెలిసినంత రాగి కలిపి చూస్తే తిరిగి వచ్చింది 97 శాతం, కాబట్టి 15.5ను 0.97తో భాగిస్తే 16.0. ఇది 100 గ్రాములకు. కిలోకి 160 నానోగ్రాములు, 63.55తో భాగిస్తే 2.5 నానోమోల్స్. బ్లాంకుల మధ్య స్టాండర్డ్ డీవియేషన్ 0.1 నానోగ్రాము అయితే మూడు రెట్లు 0.3, అంటే మీ డిటెక్షన్ లిమిట్ (కొలవగల కనీస స్థాయి) కిలోకి సుమారు 0.05 నానోమోల్. బ్లాంక్ ఎంతుందన్న దానికంటే అది ఎంత ఊగుతోందన్నది ముఖ్యం. నిలకడగా 0.5 ఉన్న బ్లాంక్‌ను తీసేయొచ్చు. ఒకరోజు 0.1, మరోరోజు 0.9 వచ్చేదాన్ని ఏం చేయలేం.

ఐసోటోప్ డైల్యూషన్ చేయగలిగితే రికవరీ బాధ ఉండదు. రాగి-65, కాడ్మియం-111, సీసం-207 లాంటి ఐసోటోపులు చిక్కగా ఉన్న ద్రావణాలు మొదట్లోనే తూచి కలిపేస్తే, కాలమ్‌లో కొంత పోయినా నిష్పత్తి మారదు.

ప్రతి బ్యాచ్‌లో సర్టిఫైడ్ రిఫరెన్స్ నీళ్లు (లోహాల విలువలు ముందే ధ్రువీకరించినవి) పెట్టాలి. కెనడా జాతీయ పరిశోధన మండలి ఎన్‌ఆర్‌సీ అమ్మేవాటిలో క్యాస్ తీరపు నీళ్లకు, నాస్ నడిసముద్రానికి. మీ శాంపిల్ తీరానిదైతే క్యాస్ తీసుకోండి. నడిసముద్రపు తక్కువ స్థాయిల కోసం జియోట్రేసెస్ (సముద్ర ట్రేస్ లోహాలపై అంతర్జాతీయ కార్యక్రమం) వర్గాలు పంచుకున్న పోలిక నీళ్లున్నాయి. భారత్ కూడా ఆ కార్యక్రమంలో భాగమే, కాబట్టి హిందూ మహాసముద్రంలో ఆ పద్ధతిలో తీసిన అంకెలతో మీవి పోల్చుకోవచ్చు.

అంకె నమ్మదగిందేనా

సర్టిఫైడ్ నీళ్లకు సరైన జవాబు వచ్చినా మీ శాంపిల్ చెడి ఉండొచ్చు. సర్టిఫైడ్ సీసా పడవ ఎక్కలేదు కదా. అందుకని సముద్రాన్నే అడగాలి. కాడ్మియం ఫాస్ఫేట్‌తో పాటు పెరగాలి, జింక్ సిలికేట్‌తో పాటు. ఫాస్ఫేట్ మారకుండా ఒక్క సీసాలో మాత్రం కాడ్మియం ఎగిరితే అనుమానించండి. జింక్, ఇనుము, సీసం మూడూ ఒకే సీసాలో పెరిగితే దాదాపుగా అది కాలుష్యమే, కానీ ఆ కాలుష్యం మీ చేతిది.

లవణీయత ఇక్కడ పనికొస్తుంది. బంగాళాఖాతంలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తీర ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతూ గంగా-బ్రహ్మపుత్ర, మహానది కలిపిన తక్కువ ఉప్పు నీటిని మన తీరానికి తెస్తుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ప్రవాహం ఎదురు తిరిగి ఉత్తరానికి పోతుంది. నవంబరులో భీమిలి దగ్గర తీసిన నీళ్లలో నికెల్ ఎక్కువ కనబడితే అది స్థానిక పరిశ్రమదో, నదులదో తేల్చడానికి లోహాన్ని లవణీయతకు ఎదురుగా గ్రాఫ్ గీయండి. నదీజలం, సముద్రజలం కలయిక మాత్రమే అయితే బిందువులు దాదాపు ఒక గీత మీద పడతాయి. గీతకు పైన తేలిన స్టేషన్ల దగ్గర వేరే మూలం వెతకాలి. రెండు ఋతువుల్లో శాంపిల్ లేకుండా ‘కాలుష్యం పెరిగింది’ అని రాయడం తొందరపాటే.

రిపోర్టులో విలువలు కిలోకి నానోమోల్స్‌లో ఇవ్వండి. లీటర్లలో కొలిచి ఉంటే సాంద్రత, సుమారు 1.025, పెట్టి మార్చాలి. ఫిల్టర్ రంధ్రం సైజు, యాసిడ్ వేశాక ఎన్నాళ్లు ఉంచారో, యూవీ చేశారో లేదో, బ్లాంక్, డిటెక్షన్ లిమిట్, రిఫరెన్స్ నీళ్లకు వచ్చిన జవాబు, ఇవన్నీ పట్టికలోనే ఉండాలి. లిమిట్ కంటే తక్కువ వచ్చినచోట సున్నా రాయకండి, లిమిట్ అంకె రాసి ‘దీనికంటే తక్కువ’ అనండి. అనుమానం వచ్చిన సీసాను చెరిపేయకుండా గుర్తు పెట్టి, మిగిలిన నీళ్లతో మళ్లీ చేయండి. అందుకే ప్రతి స్టేషన్‌లో రెండు సీసాలు నింపి, ఒకదాన్ని తెరవకుండా అరలో పెట్టుకోవాలి.